శనివారం గాలి

ఫిబ్రవరి ఇరవై అయిదు, మంగళవారం. చోటు: మా చెల్లెలి ఇంటి మిద్దె. హాజరైనవారు: నేను, ఇంటి యజమానురాలైన మా చెల్లెలు, పక్కింట్లో పరుపులు కుట్టే సాయిబు, వీధి చివరి చర్చికి సంఘపెద్దగా ఉన్న రైతు, ఇనుము ఫ్యాక్టరీలో పొగ సంగతి చూసే ఇంజినీరమ్మ. చేరిన పని: ఫ్యాక్టరీ పొయ్యి పైమూత తెరుస్తారా, తెరిస్తే ఆ పొగ ఈ వీధి మీదికి వస్తుందా అన్నది కళ్లతో చూడడం.

ఆ పొద్దున డైరీలో ఇంతవరకు రాసి, మిగతా పేజీ ఖాళీగా వదిలాను. జరగబోయేదాన్ని ముందే రాసే అలవాటు నాకు లేదు. అలా రాసేవాళ్లను మాత్రం చాలామందిని చూశాను.

నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరినప్పుడు ఆఫీసు వెనక వాన కొలిచే గొట్టం ఒకటి ఉండేది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు అందులో నీళ్లు కొలిచి రిజిస్టరులో వేయడం నా పని. నాకు ముందున్న గుమాస్తా కుర్చీలోంచి లేవకుండా, కిటికీలోంచి నేల తడి చూసి అంకె వేసేవాడని చేరిన వారంలోనే తెలిసింది. ఊళ్లో కరువు ఉన్నదీ లేనిదీ తేల్చే కాగితాల్లోకి ఆ అంకెలే పోయేవి. అప్పటి నుంచి నేను చూడని అంకెను నమ్మడం మానేశాను. నా భార్య దీన్ని రోగం అంటుంది. కావచ్చు.

ఈ వ్యవహారం మా చెల్లెలి ఊపిరితో మొదలైంది. ఆమె భర్త మిషన్ బడిలో పంతులు. ఆయన పోయాక ఆమె ఆ ఇంట్లోనే ఒంటరిగా ఉండేది. ఇల్లు చిన్నదే, కడప బండలు పరిచిన మిద్దె. చర్చికి వంద అడుగులు. ఫ్యాక్టరీకి మాత్రం ఒక పెద్ద వాగూ, ఒక రోడ్డూ అడ్డం. ఇనుపరాయిని బొగ్గుతో కరిగించి ఇనుము తీసే ఫ్యాక్టరీ అది. పాత పొయ్యి ఉన్న రోజుల్లో మిద్దె మీద నాలుగడుగులు నడిచి దిగితే అరికాళ్లు నల్లబడేవి. కింద ఉన్నవి నల్ల బండలే కాబట్టి మసి కంటికి కనిపించేది కాదు, కాలికే తెలిసేది. ఆమెకు ఆయాసం అప్పుడే పట్టుకుంది. ఒక చలికాలంలో మాట పూర్తి చేయలేక నా చేయి పట్టుకుని కూర్చుండిపోతే, ఆ సాయంత్రమే కోయిలకుంట్లలో మా ఇంటికి తీసుకొచ్చేశాను. మూడేళ్లు మా దగ్గరే ఉంది.

ఇంతలో ఫ్యాక్టరీవాళ్లు పాత పొయ్యి తీసేసి కొత్తది కట్టారు. ఇప్పుడు పొగే లేదట అని మొదట ఆమెకు ఫోను చేసింది సాయిబు. తర్వాత సంఘపెద్ద చేశాడు. తర్వాత వీధిలో ఆడవాళ్లంతా చేశారు. మా చెల్లెలు ఒక పొద్దున కాఫీ గ్లాసు కడుగుతూ, నా వైపు తిరగకుండానే అంది:

"అన్నా, నేను మా ఇంటికి పోతా."

"ఈడ నీకేం తక్కువైందిమ్మే?"

"తక్కువేం కాలేదు. వదిన నన్ను బాగనే చూస్తాది. కానీ ఈడ నేను ఉప్పు డబ్బా యాడుండాదో అడిగి తీసుకోవల్ల. ఆడ అడిగే పని లేదు."

గాలి బాగుంటే పంపిస్తాను, లేకపోతే పంపించను, అదీ నేను చూశాకే అన్నాను. ఆమె సరే అంది. అంటే ఆమె తన ఇంట్లో బతకాలా, మా ఇంట్లో చుట్టంలా బతకాలా అన్నది నా కొలత మీద ఆధారపడింది. ఆ బరువు నాకు తెలుసు. అందుకే పద్ధతిగా చేయాలనుకున్నాను.

నా పద్ధతి ఇది. తెల్లటి పింగాణి పళ్లెం ఒకటి కొన్నాను. శనివారం పొద్దున బయలుదేరి, రెండు బస్సులు మారి, వాళ్ల ఊరు చేరి, తాళం తీసి, పళ్లెం కడిగి తుడిచి మిద్దె మీద పిట్టగోడకు దూరంగా ముక్కాలి పీట మీద పెట్టేవాణ్ణి. ఆ రాత్రికి అక్కడే ఉండి, ఆదివారం పొద్దున సరిగ్గా ఎనిమిదిన్నరకు పళ్లెం చూసి, వేలితో గీత గీసి, ఏం కనిపించిందో రాసి, ఆరాధనకు పోయి, మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చేవాణ్ణి. పళ్లెం వారమంతా అక్కడే వదలొచ్చు కదా అని నా భార్య అడిగింది. పావురాలు రెట్ట వేస్తాయి, గాలికి పడిపోతుంది, ఎవరైనా తుడిచి పెట్టినా నాకు తెలియదు. రోజూ చూసి చెప్పమని సాయిబును అడగొచ్చు కదా అంది. నేను చూడని పళ్లెం నాకు సాక్ష్యం కాదన్నాను.

పదకొండు శనివారాలు పోయాను. పదకొండు ఆదివారాలూ పళ్లెం దాదాపు తెల్లగానే ఉంది. ఊరి దుమ్ము ఉండేది, మన సీమలో ఎక్కడైనా ఉండే ఎర్రటి మట్టి దుమ్ము. మసి లేదు.

మామూలు మనిషైతే సంతోషించేవాడు. నాకు మాత్రం వారం వారం అనుమానం పెరిగింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర గాలి లెక్కలు చూపించే కరెంటు బోర్డు ఒకటి పెట్టారు. బస్సు దిగి వచ్చేటప్పుడు దాన్ని చూసేవాణ్ణి. అంకెలు ఎప్పుడూ పచ్చగానే ఉండేవి. ఉద్యోగంలో ఉన్నప్పుడు మరీ నున్నగా ఉన్న రిజిస్టరు చేతికొస్తే, నేను మొదట చూసేది సిరా రంగు, అన్నీ ఒకేసారి కూర్చుని రాసినవా అని. ఈ బోర్డుకు సిరా లేదు. చూడడానికి నాకు పళ్లెం ఒక్కటే ఉంది, అది కూడా బోర్డు చెప్పిందే చెబుతోంది. ముసలాయన ఒకడు మిద్దె ఎక్కి ఏదో కొలుస్తున్నాడని వాళ్లకు తెలిసిపోయిందేమో, నేను వచ్చిన రోజున జాగ్రత్తగా ఉంటున్నారేమో అనుకున్నాను. సంఘపెద్ద మీద కూడా అనుమానం వచ్చింది. చర్చి పక్కన పెళ్లిళ్ల షెడ్డుకు రేకులు ఫ్యాక్టరీ వాళ్లే ఇచ్చారని విన్నాను. ఆయన నన్ను చూసినప్పుడల్లా "గాలి ఎట్లుండాది అన్నా, బాగుండాదా?" అని నవ్వేవాడు. ఆ నవ్వును కూడా ఒకసారి డైరీలో రాశాను.

పదకొండో శనివారం మా చెల్లెలు నాతో వచ్చింది. ఇక ఆగలేనంది. వచ్చీ రాగానే పెట్టె తెరిచి బోకులు బయటికి తీసి కడగడం మొదలుపెట్టింది. ఆదివారం పళ్లెం చూసి "ఏమీ లేదు" అన్నాను. "చూసినావా?" అంది. ఆ మాటలో నాకు సంతోషం కంటే గెలుపు ఎక్కువ వినిపించింది.

ఆరాధన అయ్యాక సంఘపెద్దా, సాయిబూ మా వరండాలో కూర్చున్నారు. సాయిబు చర్చికి రాడు గానీ, ఆదివారం అంగడి మూసి మా చెల్లెలి చేతి టీ తాగడం ఆయనకు పాత అలవాటు. మా చెల్లెలు మూడేళ్ల తర్వాత టీ పెడుతుంటే ఇద్దరూ గ్లాసుల కోసం చేతులు చాపారు.

"పదకొండు వారాలు వచ్చినాడు మా అన్న," అంది ఆమె. "పదకొండు సార్లూ పళ్లెం తెల్లగా ఉండాది. ఇంక నన్ను ఎవరూ ఆపలేరు."

"శనివారం తెల్లగానే ఉంటాది గదమ్మా," అన్నాడు సంఘపెద్ద, టీ ఊదుకుంటూ. "శనివారం వాళ్లు పైమూత ముట్టుకోరు. అది మన పాత పాస్టరు గారి కాలం నాటి మాట. పొయ్యి మారినా మాట మారలేదు. ఆ మాట మీద వాళ్లు ఇప్పటికీ నిలబడినారు."

నేను గ్లాసు కింద పెట్టాను. "ఏం మాట?"

ఆయనకు నా ప్రశ్నే వింతగా అనిపించినట్టుంది. ఈ వీధిలో పుట్టినవాడెవడూ అడగని ప్రశ్న అది. నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల రోజు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. ఆ రోజు ఇక్కడి ఆడవాళ్లంతా తెల్ల చీరలు కట్టుకుంటారు. చీరలు శనివారం ఉతికి మిద్దెల మీద ఆరేస్తారు. పాత పొయ్యి ఉన్నప్పుడు ఒక ఆదివారం చర్చిలో ఒక్క చీర కూడా తెల్లగా లేకుండా పోయింది; అన్నింటి మీదా మిరియాలు చల్లినట్టు మసి చుక్కలు. పాస్టరు గారు ఆ చీరలతోనే ఆడవాళ్లందర్నీ వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికి పోయారు. ఆ మేనేజరు మంచివాడో, సిగ్గుపడ్డాడో, మాట ఇచ్చాడు: ఏ వారమైనా శనివారం పొద్దున నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా పొయ్యి పైమూత ఎత్తి నేరుగా పొగ వదలం అని. తర్వాత ఎందరో మేనేజర్లు మారారు. మాట మాత్రం పనివేళల పలక మీద అలాగే నిలిచిపోయింది.

అంటే నేను పదకొండు వారాల పాటు, తలుపులన్నీ వేసి ఉన్న రోజునే వచ్చి, ఇంట్లో దొంగలు లేరని రాసుకున్నాను. ఎవరినీ నమ్మకుండా, ఎవరి చేతా చేయించకుండా, నేనే స్వయంగా. నా కంటే ముందున్న గుమాస్తా కనీసం అన్ని రోజులూ కిటికీలోంచి చూశాడు.

మా చెల్లెలి వైపు తిరిగాను. "నీకు తెలుసు గదా ఈ సంగతి? నువ్వూ తెల్ల చీర కట్టినదానివే."

"తెలుసు."

"నేను శనివారమే వస్తాండానని తెలుసు."

"తెలుసు."

"మరి చెప్పలేదే?"

ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "కొత్త పొయ్యికి పైమూతే ఉండదనుకొన్నానా. అందరూ పొగే లేదనిరి. ఇంక శనివారం ఏంది, సోమవారం ఏంది?" గ్లాసులు ఏరుతూ అంది, "నువ్వు అడగలేదు గూడా."

ఆమె నిజమే చెప్పిందా, ఇంటికి రావాలన్న ఆశతో నోరు మూసుకుందా అన్నది నాకు ఈ రోజుకూ తెలియదు. డైరీలో రెండూ రాసి, ముందర ప్రశ్న గుర్తు పెట్టాను.

"కొత్త పొయ్యికి మూత ఉండాదా, లేదా?" అన్నాను సంఘపెద్దతో. మాట సంగతి తెలుసు గానీ, పగలంతా పొలంలో ఉండే ఆయనకు మూత సంగతి తెలియదు. తెలిసిన మనిషిని పిలుస్తానని ఫోను చేశాడు. గంటలో ఇంజినీరమ్మ స్కూటీ మీద వచ్చింది. వేంపల్లె దగ్గరి పల్లె ఆమెది. ముప్పై దాటి ఉంటుంది. ఆదివారం కూడా నీలిరంగు కంపెనీ చొక్కా వేసుకునే వచ్చింది. అది కూడా నాకు నచ్చలేదు. ఇంట్లో ఉన్న మనిషి అంత త్వరగా ఆ చొక్కా వేసుకుని ఎలా వచ్చిందని.

ఆమె మాత్రం బాగా చెప్పింది, అరటిపండు ఒలిచినట్టు. "పాత పొయ్యిలో పొగ నేరుగా గొట్టంలోంచి పోయేది సార్. ఇప్పుడు ఆ పొగనంతా గుడ్డ సంచుల్లోంచి పంపిస్తాం. దుమ్ము సంచుల్లో ఆగిపోతాది. మిగిలిన గ్యాసును బాయిలరులో కాల్చి కరెంటు తీస్తాం. పొగ మాకు గూడా పనికొచ్చే వస్తువే, ఊరికే ఎందుకు వదులుతాం?"

ఆ చివరి మాట నాకు కొంచెం నమ్మకంగా అనిపించింది. మనుషులు ఊరి కోసం చేస్తున్నామంటే నమ్మను గానీ, తమ కోసం చేసుకుంటున్నామంటే నమ్ముతాను.

సాయిబు ముందుకు వంగాడు. "గుడ్డ సంచులంటే మా పరుపుల గలీబులు లాంటివేనా బిడ్డా?"

"దాదాపు అట్లాంటివే. ఇంకా పొడుగు, ఇంకా మందం."

"నేను మీసం రాకముందు నుంచి గలీబులు కుడతాండా. దుమ్ము పట్టని గలీబు నేను చూడలే. చినగని గలీబు అసలే చూడలే. చినిగితే ఏం చేస్తారు?"

"మారుస్తాం."

"ఎప్పుడు?"

"మంగళవారం. ఆ పొద్దు మరమ్మతు రోజు."

"గలీబు విప్పినప్పుడు దూది బయటే గదా ఉంటాది. సంచులు విప్పినప్పుడు మీ పొగ యాడుంటాది?"

గేటు దగ్గరి బోర్డు లాంటి జవాబు ఇంజినీరమ్మ దగ్గర ఉండి ఉంటుంది. దాన్ని పక్కన పెట్టింది.

"పైమూత తెరుస్తాం," అంది. "గంటా రెండు గంటలు. పొయ్యిని ఆర్పలేం గదా. ప్రతి వారం కాదు. శానా వారాలు మాత్రం."

"అట్ల చెప్పు," అన్నాడు సాయిబు. "మంగళవారం దూది ఆరబోస్తే నల్లబడతాది. నా పెండ్లాము తిడతాది, దూది అంగడోడు మోసం చేసినాడని. వానికి ఎన్ని శాపనార్థాలు పెట్టిందో పాపం."

మా చెల్లెలు నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది, ఆపుకుంది. ఆ దగ్గు నేను విన్నానా లేదా అని నా వైపు చూసింది.

మంగళవారం దాకా ఇక్కడే ఉంటానని అప్పుడే చెప్పాను. ఇంజినీరమ్మ తను కూడా వస్తానంది. "నేను ఎప్పుడూ లోపలి నుంచే చూసినా సార్. లోపల మూత తెరిస్తే ఒక లైటు వెలుగుతాది, అంతే. బయట ఎట్లుంటాదో నాకు తెలీదు." ఆమె వచ్చేది చూడడానికా, ఆ రోజు మూత కొంచెమే తెరవమని చెప్పి వచ్చి మాతో నిలబడడానికా అని నేను రెండు రోజులు ఆలోచించాను.

అలా ఆ మంగళవారం అయిదుగురం మిద్దె మీద చేరాం. పళ్లెం పొద్దున ఎనిమిదిన్నరకే కడిగి పెట్టాను. మా చెల్లెలు కిందనే ఉండాలని నేనన్నాను. "నా ఊపిరి పంచాయితీ నేను లేకుండా ఎట్ల చేస్తారు?" అని ఆమె చాప తెచ్చుకుని కూర్చుంది, ఆయాసం మందు పీల్చే గొట్టం ఒడిలో పెట్టుకుని.

పది దాటింది. పైమూత కదల్లేదు. సంఘపెద్ద పొలంలో శనగ కోత ఉందని రెండుసార్లు గుర్తు చేశాడు. "ఈ పొద్దు తెరవరేమో అన్నా. మీ భయంతోనే మూసుకున్నారు."

"నా భయమైతే ఎంతసేపుంటాది?" అన్నాను. "నేను బస్సెక్కేదాకా."

"ఆఫీసర్లు వచ్చిన పొద్దు గూడా తెరవరప్పా," అన్నాడు సాయిబు. "వాళ్లకు గండికోట చూపించి, భోజనం పెట్టి పంపిస్తారు. మీకు గండికోట చూపించలేదే ఇంకా?"

ఇంజినీరమ్మ తల తిప్పుకుంది గానీ కాదనలేదు.

పదకొండుకు పది నిమిషాలుందనగా పొయ్యి తల మీద మూత లేచింది. శబ్దం ముందు రాలేదు. ముందు పొగే కనిపించింది, ఆ తర్వాత ప్రెషర్ కుక్కరు విడిచినట్టు ఒక చప్పుడు. పాత పొయ్యి పొగ లాగా నల్లగా లేదు. కాచిన బెల్లం పాకం రంగు. కొంతసేపు నిటారుగా పోయింది. సంఘపెద్ద ఊపిరి పీల్చుకుని, "చూడన్నా, పైకే పోతాంది. వెనకటి పొగతో చూస్తే ఇదొక పొగనా?" అన్నాడు. అది నిజమే. వెనకటి పొగలో నాలుగో వంతు కూడా ఉండదు. అది రాసుకున్నాను. నాకు ఇష్టం లేకపోయినా రాసుకున్నాను.

తర్వాత గాలి తిరిగింది. పొగ వంగి, రోడ్డు దాటి, వాగు దాటి, ఎవరో దుప్పటి పరిచినట్టు మెల్లగా మా వీధి మీదికి వచ్చింది. కాలిన ఇనుము వాసన. ఇంజినీరమ్మ ఫోనులో టైము రాసుకుంటూ కళ్లు నలుపుకుంది. మా చెల్లెలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను చేయి పట్టి లేపబోతే విదిలించి, మందు గొట్టం నోట్లో పెట్టుకుని ఒకసారి పీల్చి, మళ్లీ కూర్చుంది.

ఒక ఇంటి మిద్దె మీద ఎవరో పరుగున వచ్చి వడియాల చీర మడిచి తీసుకుపోయారు. ఇంకో ఇంట్లో కిటికీ రెక్క దబ్బున మూసుకుంది. ఎవరూ తల ఎత్తి ఫ్యాక్టరీ వైపు చూడలేదు. మబ్బు పడితే బట్టలు తీసుకున్నట్టే ఉంది వాళ్ల తీరు. ఫోనులో పొగే లేదన్నది వీళ్లే; పాత పొగ చూసినవాళ్ల లెక్కలో ఇది పొగ కాదు.

"మాట ప్రకారం శనివారం తెరవలేదు వాళ్లు," అన్నాడు సంఘపెద్ద. ఈసారి నవ్వలేదు. "దాంట్లో తప్పు పట్టే పని లేదు."

"తప్పు మనదే," అంది మా చెల్లెలు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ అంది. "ఆ పొద్దు మేమందరం పోయినాము గదా మేనేజరు దగ్గరికి. చీరల కోసం అడిగినాము. చీరలకే ఇచ్చినాడు. ఊపిరికి ఒక రోజు అడగల్లని ఒక్కరికీ తోచలే."

మూత మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక దిగింది. ఇంజినీరమ్మ మెట్లు దిగుతూ, సంచులను ఒక్కసారే విప్పకుండా అరల వారీగా మారిస్తే మూత తెరిచే పని ఉండదని, కాకపోతే పని రెండు రోజులు పడుతుందని, తను అడిగి చూస్తానని చెప్పింది. అడుగుతుందని నమ్మాను. వాళ్లు వింటారని నమ్మలేదు. మూత ఇంకా తెరిచి ఉండగానే సాయిబును ఫ్యాక్టరీ గేటు దాకా పంపాను, బోర్డు చూసి రమ్మని. ఆయన వచ్చి, అంకెలు పచ్చగానే ఉన్నాయన్నాడు. బోర్డు కొలిచేది సంచులు దాటిన గాలి పోయే చిన్న గొట్టంలో మాత్రమే. మూత దాని లెక్కలోకి రాదట. ఆ సంగతి కూడా ఆయన కాపలావాడిని అడిగి తెలుసుకుని వచ్చాడు. అంత సులువుగా చెప్పే సంగతిని పదకొండు వారాలు నేను ఎవరినీ అడగలేదు.

"అక్కకు అన్న ఉండాడు," అన్నాడు సాయిబు, తన గుమ్మం ముందు నిలబడి. "కావాలంటే మంగళవారం కోయిలకుంట్ల బస్సెక్కుతాది. నేను యాడికి పోవల్ల పెద్దాయనా? నా దూదిని యాడికి తోల్కపోవల్ల?"

రేపు చర్చి పెద్దలనూ, మసీదు పెద్దలనూ ఒకేసారి ఫ్యాక్టరీకి తీసుకుపోతానని సంఘపెద్ద అన్నాడు. రేకుల షెడ్డు కట్టించుకున్న మనిషి ఎంత గట్టిగా అడుగుతాడో చూడాలి అనుకున్నాను. పైకి మాత్రం మంచిదన్నాను.

మరుసటి రోజు, బుధవారం, ఎనిమిదిన్నరకు మిద్దె ఎక్కాను. పళ్లెం మీద సన్నటి బూడిదరంగు దుమ్ము. వేలితో గీత గీస్తే తెల్లగా, స్పష్టంగా కనిపించింది. వేలి కొన పలక మీద రాసిన బలపంలా అయింది. కిందికి దిగేసరికి మా చెల్లెలు వంటింట్లో ఉంది. రాత్రి దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుందట, మందు ఇంకోసారి పీల్చిందట. దాచకుండా చెప్పింది.

"ఎంతుండాది?" అంది.

"గీత కనపడతాది."

"అంతేనా?"

"అంతేనా ఏంది? వారానికొకసారి ఇట్లయితే నీ గతేంది? సామాను కట్టు. మధ్యాహ్నం బస్సుకు పోదాం."

ఆమె పొయ్యి మీది గిన్నె దించింది. "అన్నా, నీ పళ్లెం ఈ మిద్దె మీదే పెట్టినావు గదా. నీ మిద్దె మీద ఎప్పుడన్నా పెట్టినావా?"

పెట్టలేదు. ఆ ఆలోచన కూడా రాలేదు.

"పోయిన ఎండాకాలం మీ వీధి వెనక పత్తికట్టె కాల్చినారు, శనగ నూర్చినారు. నేను ఎన్నిసార్లు మందు పీల్చినానో నీ డైరీలో ఉండాదా లేదా, చూసి చెప్పు."

పాత డైరీ ఆ ఊళ్లో లేదు గానీ, చూడాల్సిన పని కూడా లేదు. నా చేతి రాత నాకు గుర్తుంది. వరసగా నాలుగు రోజులు, రోజుకు రెండుసార్లు. ఆ నాలుగు రోజులూ కింద ఒకే మాట రాశాను: పొట్టు దుమ్ము. దానికి ఎవరి మీదా అనుమానం రాలేదు నాకు.

"ఈడ ఆరు రోజులు బాగుంటాది," అంది ఆమె. "మంగళవారం పొద్దున్నే మీ ఇంటికొస్తా. బుధవారం పోతా. వదినకు చెప్పు, ఉప్పు డబ్బా ఒకే చోట పెట్టమని."

"వాళ్లు మంగళవారం మానుకొని గురువారం తెరిస్తే?"

"తెరిస్తే నా ఊపిరి చెప్తాది. నీ పళ్లెం కంటే ముందు చెప్తాది. అప్పుడు వస్తా, నువ్వు పిలవాల్సిన పనిలే."

గాలి బాగుంటే పంపిస్తానన్నాను, లేకపోతే పంపించనన్నాను. గాలి బాగుంది అని రాయలేను, బాగాలేదు అని కూడా రాయలేను. పంపించడానికీ ఆపడానికీ నేనెవరినన్న మాట ఆమె అనలేదు. ఆమె నా సంచిలో నా తువ్వాలు, కళ్లజోడు పెట్టె సర్ది జిప్పు వేసింది. ఆమె సామాను మాత్రం గూళ్లలోనే ఉంది.

బస్టాండు దాకా నడిచి వస్తానంది. ఆటో పిలుస్తానంటే ఒప్పుకోలేదు. ఇల్లు వదిలి మా దగ్గరికి వచ్చిన సంవత్సరం ఆమె ఈ దారిలో చర్చి దాటలేకపోయింది. ఇప్పుడు చర్చి దాటింది, కిరాణా అంగడి దాటింది. మోరీ దగ్గర ఆగింది. గోడ పట్టుకుని నిలబడింది. నేను చేతి గడియారం చూశాను. చూశానని ఆమె చూసింది.

"రాసుకో పో," అంది, ఊపిరి అందాక. "ఒకసారి నిలబడింది అని రాసుకో. రెండు నిమిషాలని గూడా రాసుకో."

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆమె అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తోంది, తొందరపడకుండా. మోరీ దగ్గర మళ్లీ ఆగుతుందేమో చూద్దామని తల బయట పెట్టాను. బస్సు పెట్రోలు బంకు మలుపు తిరిగింది. చూడలేకపోయాను.